ఉబుంటులో డీ డ్రైవ్‌లోకి ఫైల్ సేవ్ అవ్వట్లేదా?

నా ల్యాప్‌టాప్‌లో ఆటలకి విండోస్, ఆఫీసు పనికి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) రెండూ ఉన్నాయి. రాత్రి గేమ్ ఆడి షట్‌డౌన్ చేసి పడుకుంటే, పొద్దున్న ఉబుంటులో డీ డ్రైవ్‌లో ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ ఒక్కటీ సేవ్ అవ్వదు, ‘రీడ్ ఓన్లీ’ (చదవడానికి మాత్రమే) అంటుంది. డ్రైవ్ పోయిందనుకుని, విజయనగరం కోట దగ్గర రిపేరు షాపుకి పట్టుకెళ్దామని బ్యాగులో కూడా పెట్టేశాను.

డ్రైవ్‌కేమీ కాలేదు. ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ త్వరగా ఆన్ అవ్వడానికి ఉండే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉండి డ్రైవ్‌ని తన దగ్గరే పట్టుకుంటుంది.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, అందులో పవర్ ఆప్షన్స్, ఎడమవైపు ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ నొక్కండి. కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్కు మసకగా ఉండి కదలదు, నేను అక్కడే పది నిమిషాలు కొట్టుకున్నాను. ముందు పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ నొక్కితేనే ఆ టిక్కు తీయనిస్తుంది. తీసేసి సేవ్ చేసి, మళ్లీ ఒకసారి షట్‌డౌన్ చేయండి. ఆన్ అవ్వడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పట్టొచ్చు, అంతే.

సెట్టింగ్ మార్చడం ఇష్టం లేకపోతే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది.

కానీ గేమ్ మధ్యలో విండోస్‌ని హైబర్నేట్ చేసి (తెరిచినవన్నీ అలాగే దాచి ఆపేసి) ఉబుంటులోకి వెళ్తే ఈ ఉపాయాలు పనిచేయవు, మళ్లీ అదే రీడ్ ఓన్లీ. అప్పుడు బలవంతంగా రాయించాలని చూడకండి, ఫైళ్లు పాడవుతాయి. విండోస్‌లోకి వెళ్లి సరిగ్గా షట్‌డౌన్ చేసి రండి.