ఎన్‌ఐసీయూలో ఉన్న కవలలకు వినికిడి పరీక్ష: ఎవరి రిజల్టు వారిదే

నేను ఆడియాలజిస్టును. ఎన్‌ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో, ఉన్న పసిపిల్లల వినికిడి పరీక్షలే నా రోజువారీ పని. కవలల తల్లిదండ్రులకు ముందుగా చెప్పేది ఒకటే: ఒకరు పాసయ్యారని రెండోవారి పరీక్ష వదిలేయకండి. ఒకరు త్వరగా తల్లి పక్కలోకి వచ్చేస్తారు, ఇంకొకరు వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉంటారు. చెవులకు ఉండే ముప్పు కూడా ఆ తేడాను బట్టే మారుతుంది.

ఇద్దరి డిశ్చార్జి సమ్మరీలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎన్‌ఐసీయూలో 5 రోజులకు మించి ఉన్నారా? జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు 5 రోజులు దాటాయా? రక్తం మార్చేంతగా కామెర్లు ముదిరాయా? పుట్టినప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందలేదా? మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) వచ్చిందా? కడుపులో ఉండగా సోకే సీఎంవీ వైరస్ గురించీ అడగండి. అది కవలల్లో ఒకరికే సోకవచ్చు. మూత్రం లేదా లాలాజలం పరీక్ష పుట్టిన 21 రోజుల్లోపే జరగాలి. ఆ తర్వాత పాజిటివ్ వచ్చినా, ఎప్పుడు సోకిందో తేల్చడం కష్టం.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరినీ కలిపే చూడాలి. తల్లి తరఫు వాళ్లలో ఎవరికైనా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్ల తర్వాత వినికిడి పోయి ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. అందుకు కారణమయ్యే ఒక జన్యులోపం తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. అలాగని మందు ఆపేయమని పట్టుబట్టకండి, ఇన్ఫెక్షన్‌లో అది ప్రాణం నిలబెట్టే మందు. ఏం చేయాలో డాక్టరే చూస్తారు.

ఏ పరీక్ష చేస్తున్నారో తప్పకుండా అడగండి. ఓఏఈ అనే పరీక్ష చెవిలోకి శబ్దం పంపి లోపలి చెవి వరకే చూస్తుంది, నరంలో లోపముంటే దానికి అందదు. ఎన్‌ఐసీయూ పిల్లల్లో ఆ నరం సమస్య వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లకు ఏఏబీఆర్ చేయాలి, అది శబ్దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో స్టిక్కర్లతో చూసే పరీక్ష. నెలలు నిండని పిల్లలైతే గర్భవయసు (కడుపులో గడిపిన వారాలు, పుట్టాక గడిచినవి కలిపి) 34 వారాలు దాటాక చేస్తారు.

పాలు తాగి గాఢంగా నిద్రపోయినప్పుడు చేయించండి. నేను ముందు చేతి ట్యాగు చదువుతాను, ఎందుకంటే కవలల పేపర్లు తారుమారు కావడం చాలా తేలిక. తర్వాత నుదుటి చర్మం మెల్లగా తుడిచి స్టిక్కరు అంటిస్తాను, మెడ వెనుక ఒకటి, భుజం మీద ఇంకొకటి. బిడ్డ కదిలితే తరంగాలు చెదిరిపోతాయి, అందుకే ఏడుస్తున్న రెండోవారిని కాసేపు దూరంగా ఎత్తుకోమంటాను.

'రిఫర్' అని, అంటే పాస్ కాలేదని, వస్తే చెవుడని కాదు, చెవిలో ద్రవం ఉన్నా అలా రావచ్చు. కానీ ఎన్‌ఐసీయూ బిడ్డ విషయంలో ఆలస్యం వద్దు, ఒక చెవికే రిఫర్ వచ్చినా రెండు చెవులకూ పూర్తి ఏబీఆర్ (ఏఏబీఆర్ లాంటిదే, మరింత వివరంగా చేసే పరీక్ష) చేయించండి. లోపం ఉందో లేదో బిడ్డకు 3 నెలల వయసు వచ్చేలోపు తేలాలి, ఉంటే 6 నెలల వయసులోపు చికిత్స మొదలవ్వాలి.

పాసైనా, పైన చెప్పిన వాటిలో ఏదో ఒకటి ఉన్న బిడ్డకు 9 నెలల వయసులోపు మళ్లీ పరీక్ష కావాలి. సీఎంవీ ఉన్నా, మెనింజైటిస్ వచ్చినా 3 నెలల్లోపే.

ఇంట్లో గమనించేటప్పుడు ఇద్దరినీ వేరు వేరు గదుల్లో ఉంచి, కనబడకుండా వెనుక నుంచి పిలవండి. పక్కనే ఉంటే, వినపడని బిడ్డ కూడా తోడబుట్టినవారు తిరగడం చూసి తలతిప్పేస్తుంది. ఏ మాత్రం అనుమానం వచ్చినా రిపోర్టులో 'పాస్' ఉందని ఊరుకోకుండా తీసుకురండి. అమ్మకు వచ్చిన అనుమానం ఒక్కటి చాలు, మళ్లీ పరీక్ష చేయడానికి.