చాయిస్ ఫారంలో మూడో గడి

పోయిన నెల డెహ్రాడూన్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆర్మ్ చాయిస్ రాసివ్వమన్నారు. ఏం రాయమంటావు?" ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఆఖరి టర్మ్‌లో ఉన్నాడు. ఏ ఆర్మ్‌లో, అంటే సైన్యంలోని ఏ విభాగంలో చేరాలనుందో వరసగా రాసివ్వాలి. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నేను 22 ఏళ్లు ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో చేసి లెఫ్టినెంట్ కల్నల్‌గా బయటికొచ్చాను కాబట్టి నన్ను అడిగాడు. నేను కేడెట్‌గా ఉన్న రోజుల్లో నా ఫారంలో ఆర్టిలరీ మొదటి చాయిస్ కాదు, రెండోదీ కాదు. ఆ సంగతి వాడికి అప్పటిదాకా చెప్పలేదు.

వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మీరు కేడెట్ అయినా, కేడెట్‌ని కన్నవాళ్లయినా పనికొస్తుంది.

ముందు ఈ కేటాయింపు ఎలా జరుగుతుందో తెలుసుకోండి. మనవాళ్లు దీన్ని ఎంసెట్ కౌన్సెలింగ్ అనుకుంటారు. సగమే నిజం. మీ మెరిట్, మీరు రాసిన వరస, ఏ ఆర్మ్‌లో ఎన్ని ఖాళీలున్నాయి, ఈ మూడూ చూస్తారు. మెడికల్ కేటగిరీ, టెక్నికల్ డిగ్రీ ఉందా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తాయి. అయితే ఎంసెట్‌లో మొదటి ర్యాంకులన్నీ కలిసి కంప్యూటర్స్‌లోకి వెళ్లిపోయినా అడిగేవాడుండడు. సైన్యం అలా వెళ్లనివ్వదు. మంచి మెరిట్ వాళ్లంతా ఒకే ఆర్మ్‌కి పోతే మిగతావాటి గతేంటి? అందుకని మెరిట్ లిస్టులో పైవాళ్లూ, మధ్యవాళ్లూ, కిందవాళ్లూ అన్ని ఆర్మ్స్‌కీ వాటా పడేలా పంచుతారు. పంక్తిలో చివరి విస్తట్లో కూడా జీడిపప్పు పడాలన్నట్టు.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. మీకంటే ముందున్నవాడికి దొరకని ఆర్మ్ మీకు దొరకొచ్చు. మీకంటే వెనకున్నవాడికి మీరు కోరుకున్నది పోవచ్చు. కాబట్టి "నా మెరిట్‌కి ఇది రాదులే" అని మీకు మీరే కోత పెట్టుకోకండి. నిజంగా ఏది కావాలో ఆ వరసలోనే రాయండి.

నేను చేసిన తప్పు వేరు. మొదటి రెండు గడులూ వారం రోజులు ఆలోచించి నింపాను. మొదటిది ఆర్మర్డ్ కోర్, అంటే ట్యాంకులు. రెండోది కాల్బలంలోని మద్రాస్ రెజిమెంట్. మూడో గడిలో పక్క మంచం వాడు ఆర్టిలరీ రాశాడని నేనూ రాశాను. నాకు వచ్చింది ఆ మూడోదే. అదృష్టం బాగుండి ఫిరంగులు నాకు అచ్చొచ్చాయి. రాకపోతే 22 ఏళ్లు పక్క మంచం వాణ్ణి తిట్టుకుంటూ గడిపేవాణ్ణి. మొదటి చాయిస్ గురించి ఎవరైనా ఆలోచిస్తారు. మీరు మూడోదాని గురించీ, నాలుగోదాని గురించీ అంతే సేపు కూర్చోండి.

ఇక ఏది ఎలా ఉంటుందో. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేలోపు మీ రోజు ఎలా గడుస్తుందో ఊహించుకుని ఎంచుకోండి. భుజం మీది బ్యాడ్జి చూసి కాదు.

ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) అంటే మనుషులు. మీకు దొరికేది ఆయుధం కాదు, ముప్పై మందికి పైగా జవాన్లున్న ప్లటూన్. వాళ్ల భాష మీరు నేర్చుకోవాలి గానీ మీ భాష వాళ్లు కాదు. 1758లో మొదలైన మద్రాస్ రెజిమెంట్‌కి సెంటర్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మన తెలుగు జవాన్లు ఎక్కువగా కనిపించేది అందులోనే. అలాగని తెలుగువాడు అక్కడికే వెళ్లాలని లేదు, ఆఫీసర్‌ని ఏ రెజిమెంట్‌కైనా పంపొచ్చు. నా బ్యాచ్‌మేట్ ఒకడు, గుంటూరువాడు, గఢ్వాల్ రైఫిల్స్‌కి పడ్డాడు. ఆ రెజిమెంట్ సెంటరున్న లాన్స్‌డౌన్ చలిలో మొదటి ఏడాది ఏడుపొక్కటే తక్కువ. ఇప్పుడు వాడు కోపం వస్తే గఢ్వాలీలో తిడతాడు.

ఆర్టిలరీ అంటే దూరంగా కూర్చుని గుండ్లు వేయడం అనుకుంటారు. కుర్ర ఆఫీసర్ చాలాసార్లు ఫిరంగుల దగ్గరే ఉండడు. ఇన్‌ఫాంట్రీతో పాటు కొండెక్కి, అబ్జర్వేషన్ పోస్టులో కూర్చుని, గుండు ఎక్కడ పడిందో చూసి రేడియోలో సరిదిద్దుతాడు. కాళ్లూ కావాలి, లెక్కలూ కావాలి. శిక్షణ మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో. జవాన్లు తయారయ్యే సెంటర్లలో ఒకటి మన గోల్కొండ దగ్గరే ఉంది.

ఇంజనీర్స్, కమ్యూనికేషన్లు చూసే సిగ్నల్స్, వాహనాలూ ఆయుధాలూ బాగుచేసే ఈఎంఈ గురించి భయపడకండి. ఇంజనీరింగ్ చదవకుండా వెళ్లినవాళ్లని సైన్యమే తర్వాత చదివిస్తుంది. ఇంజనీర్స్‌కి పుణె, సిగ్నల్స్‌కి మధ్యప్రదేశ్‌లోని మౌ, ఈఎంఈకి సికింద్రాబాద్.

సప్లై చూసే ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్), సామాను చూసే ఆర్డ్‌నెన్స్ లాంటివాటిని సర్వీసెస్ అంటారు. ఇక్కడే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "సేఫ్‌గా ఉండేది రాయరా నాన్నా." మా అక్కా అదే అంది. కొండమీద పోస్టుకి రేషన్ ఎవరు మోస్తున్నారని అడిగాను. మాట్లాడలేదు. సర్వీసెస్ ఇష్టమైతే ఆ పని ఇష్టపడి రాయండి, అమ్మ భయపడిందని రాయకండి.

నాన్న సైన్యంలో చేసుంటే పేరెంటల్ క్లెయిమ్ అని ఒకటుంది. ఆయన రెజిమెంట్‌కే నన్ను పంపమని అడగొచ్చు. అడిగే ముందు ఒక్కటి ఆలోచించుకోండి. ఆ యూనిట్‌లో మీరు చాలాకాలం ఫలానావారి అబ్బాయిగానే ఉంటారు. కొందరికి అది బలం, కొందరికి బరువు.

అమ్మాయిలకి ఇప్పుడు దారులు పెరిగాయి. 2023లో చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) నుంచి అయిదుగురు మొదటిసారి ఆర్టిలరీకి వెళ్లారు. ఇన్‌ఫాంట్రీ, ఆర్మర్డ్ కోర్ ఇంకా తెరుచుకోలేదు.

ఎయిర్‌ఫోర్స్ లెక్క పూర్తిగా వేరు. ఫ్లయింగా, గ్రౌండ్ డ్యూటీనా అన్నది చేరేటప్పుడే తేలిపోతుంది. ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అన్నది మాత్రం దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మొదటి దశ ఎగిరాక, మీ పనితనం చూసి చెబుతారు.

ఫారం ఇచ్చే ముందు చేయాల్సిన పని ఒక్కటే. మీ అకాడమీలో ఉన్న ఆఫీసర్లు రకరకాల ఆర్మ్స్ నుంచి వచ్చినవాళ్లే. నలుగురిని పట్టుకోండి. "మీ ఆర్మ్ మంచిదా సర్?" అని అడిగితే ఎవరైనా మంచిదనే అంటారు. "లెఫ్టినెంట్‌గా మీ మొదటి ఏడాది ఎలా గడిచింది సర్?" అని అడగండి. వాళ్లు చెప్పే కథలో మీరు ఉండగలరో లేదో మీకే తెలుస్తుంది. ప్రమోషన్ సంగతి అంతగా పట్టించుకోకండి. లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఏళ్లు నిండితే వస్తుంది, అది ఏ ఆర్మ్‌కైనా 13 ఏళ్లే. ఆ పై పోటీ సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

ఫలితం వచ్చాక, యూనిట్ పేరు తెలియగానే కమాండింగ్ ఆఫీసర్‌కి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. ఇది పాత అలవాటు, ఇప్పటికీ ఇష్టపడతారు. ఆ యూనిట్ చరిత్ర చదువుకుని వెళ్లండి. మెస్‌లో మొదటి రాత్రే అడుగుతారు.

మావాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఫారం ఇచ్చేశాడట. మొదటి గడిలో ఏం రాశాడో నేను అడగలేదు. మూడో గడిలో ఏం రాశావని అడిగాను. "సిగ్నల్స్, మామయ్యా. ఇద్దరు మేజర్లతో మాట్లాడాకే రాశాను" అన్నాడు.