ఫొటోగ్రాఫర్ల మాటలు, 4వ పాఠం: స్టాప్ లెక్క మరోసారి

ఈ పాఠం ‘చింపింగ్’తో మొదలవ్వాలి. కానీ పోయినసారి అభ్యాసానికి మీరు పంపిన ఫొటోలు చూశాక, స్టాప్ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదనిపించింది. స్టాప్ అంటే వెలుతురు కొలత: ఒక స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపు, తగ్గితే సగం.

ఎఫ్ 4 నుంచి ఒక స్టాప్ డౌన్ చెయ్యమన్నాను. కొందరు ఎఫ్ 2.8కి వెళ్లారు. డౌన్ అయ్యేది అంకె కాదు, లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద ఉండే ఎంఎం అంకె) రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 50 ఎంఎం లెన్స్‌లో ఎఫ్ 2 అంటే వ్యాసం 25 మిల్లీమీటర్లు, ఎఫ్ 4 అంటే 12.5. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి 2 నుంచి 4కి రెండు స్టాప్‌లు.

ఇంకొందరు ఒక్క క్లిక్ తిప్పి 4.5 దగ్గర ఆగారు. చాలా కెమెరాల్లో క్లిక్ అంటే స్టాప్‌లో మూడో వంతే. మూడు తిప్పితేనే 5.6. వరస గుర్తుండటానికి నేను రెండే అంకెలు పెట్టుకుంటాను: 1.4, 2. ఒక్కోదాన్ని రెట్టింపు చేస్తూ పోండి. 1.4, 2.8, 5.6, 11 ఒకవైపు. 2, 4, 8, 16 మరోవైపు. రెండూ కలిపి పేర్చుకుంటే వరస పూర్తవుతుంది.

‘డౌన్ చేశాం, ఫొటో మాత్రం చీకటి పడలేదు’ అని రాసినవాళ్లే ఎక్కువ. వాళ్లంతా అపెర్చర్ ప్రయారిటీలో తీశారు, అంటే అపెర్చర్ (ఆ రంధ్రం) మీరు పెడితే షట్టర్ కెమెరాయే చూసుకునే మోడ్‌లో. మీరు రంధ్రం తగ్గిస్తే కెమెరా షట్టర్‌ను నెమ్మది చేసి, ఆ వెలుతురును తిరిగి తెచ్చేస్తుంది. ఆటో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకోవడం) ఉంటే ఐఎస్ఓ కూడా పెరగొచ్చు. స్టాప్ డౌన్ వేరు, ‘ఒక స్టాప్ అండర్’ వేరు. మొదటిది అపెర్చర్ గురించి, రెండోది ఫొటో ఎంత ముదురుగా వచ్చిందన్నదాని గురించి. ఈ రెండూ కలిపేస్తే పెళ్లిలో చిక్కు తప్పదు. తలంబ్రాల వేళ సీనియర్ ‘రెండు స్టాప్‌లు డౌన్ చెయ్’ అన్నాడంటే, ఇద్దరి ముఖాలూ ఫోకస్‌లో ఉండాలని; రంధ్రం చిన్నదైతే ముందూ వెనకా ఎక్కువ మేర స్పష్టంగా వస్తుంది. మీరు ఎఫ్ 2.8, షట్టర్ 1/500 సెకనులో ఉంటే 5.6కి వెళ్లి, షట్టర్ 1/125 చెయ్యొచ్చు. కానీ తలంబ్రాలు పోస్తున్న చేతులు కదిలిపోతాయి. నేనైతే షట్టర్ ముట్టుకోను, ఐఎస్ఓ 400 నుంచి 1600 చేస్తాను. ‘రెండు అండర్‌లో తియ్’ అని ఉంటే ఇవేవీ సర్దకూడదు, ఫొటో ముదురుగానే రావాలి.

‘ఫాస్ట్ లెన్స్’ అంటే బాగా తెరుచుకునే లెన్స్. ఫోకస్ వేగంతో సంబంధం లేదు.

చింపింగ్ అంటే ప్రతి క్లిక్ తర్వాత వెనక స్క్రీన్ చూసుకోవడం. వెలుతురు మారినప్పుడు ఒకసారి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూస్తే చాలు. మాటిమాటికీ చూస్తే అసలు క్షణం పోతుంది. ఫొటోను వంద శాతం జూమ్ చేసి లోపాలు వెతకడం పిక్సెల్ పీపింగ్. ఆల్బమ్‌కు ఆ పని అక్కర్లేదని నా అభిప్రాయం.

అభ్యాసం: మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 400, కిటికీ పక్కన కూర్చున్న మనిషి. ఎఫ్ 4లో ఎక్స్‌పోజర్ సరిచేసుకుని ఒక ఫొటో తీసి, స్క్రీన్ కనబడకుండా కాగితం అంటించండి. 5.6, 8, 11లలో ఒక్కో ఫొటో తీయండి. ప్రతిసారీ షట్టర్ ఎంత ఉండాలో డయల్ తిప్పకముందే కాగితం మీద రాసుకోవాలి. నాలుగు ఫొటోల్లోనూ ముఖం ఒకే వెలుతురులో వచ్చేదాకా మళ్లీ తీయండి. మధ్యలో మబ్బు పట్టి వెలుతురు మారితే ఎఫ్ 4 నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.