గోలీలు తప్పట్లేదు, బీపీ దిగట్లేదు: కౌంటర్ దగ్గర ఏం చూడాలి?

లక్షణం: మనిషి నెలనెలా వస్తాడు, చీటీ చూపిస్తాడు, గోలీలు తీసుకుపోతాడు. బీపీ మాత్రం 160/100 దగ్గరే ఉంటుంది, లేదంటే షుగర్ దిగదు. డాక్టరు డోసు పెంచుతాడు, ఇంకో గోలీ కలుపుతాడు. చీటీ పొడుగవుతుంది తప్ప నంబరు కదలదు.

హన్మకొండలో మెడికల్ షాపు కౌంటర్ వెనక ఇన్నేళ్లు నిలబడ్డాక ఒకటి మాత్రం విసుగొచ్చేసింది. ఇలాంటి మనిషి రాగానే కొత్తగా చేరిన ఫార్మసిస్టులు "కంపెనీ మార్చి చూద్దామా?" అంటారు. వద్దు. ముందు లెక్క పెట్టండి.

మొదటి చెక్: పాత బిల్లు తేదీ, స్ట్రిప్పుల లెక్క

షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు అంటే నెలకు 60, పది గోలీల స్ట్రిప్పులు ఆరు. మూడే తీసుకుపోయి నెలకు మళ్లీ వచ్చాడంటే రోజుకు ఒకటే పడుతోంది. "రోజూ వేసుకుంటున్న" అన్న మాట అబద్ధం కాదు, పొద్దున గోలీ వరకు నిజమే. రాత్రిది ఎందుకు పోతోందో అడగండి. డబ్బుల ఇబ్బందైతే సర్కారు దవాఖాన, జన ఔషధి దారి చూపించండి. మరుపైతే గోలీల డబ్బా అన్నం గిన్నె పక్కన పెట్టుకోమనండి. కడుపులో తిప్పుతుందంటే తిన్నాక వేసుకోమనండి. అయినా తగ్గకపోతే మెల్లగా విడుదలయ్యే రకం గురించి డాక్టరును అడగమనండి. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలా మటుకు ఇక్కడే తేలిపోతాయి. బిల్లు చూడటానికి పట్టేది ఒక్క నిమిషం, అదే ఎవరూ చూడరు.

లెక్క సరిపోయిందా? అయితే అసలు దొంగ వేరే ఉన్నాడు.

నొప్పుల పొట్లం

పరకాల వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చినప్పుడల్లా మా దగ్గర మందులు కొనే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ (ఒంట్లో నీరు తీసే నీళ్ల గోలీ) కలిసిన గోలీ వాడతాడు. స్ట్రిప్పుల లెక్క తప్పదు. "వేరే మందులేమన్నా వాడుతున్నవా బాపూ?" అంటే "లేదు బిడ్డా" అంటాడు. మూడు నెలలు ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఈలోగా డోసు రెండుసార్లు పెరిగింది, షుగర్ కూడా కొత్తగా కనబడింది.

ఓ రోజు చిల్లర కోసం అంగీ జేబులో చెయ్యి పెడితే కాగితం పొట్లం ఊడిపడింది. అందులో మూడు రకాల విడి గోలీలు, దేని మీదా పేరు లేదు. "ఇవేంది బాపూ?" "అవి మందులు కావు బిడ్డా, మోకాళ్ల నొప్పుల గోలీలు."

పొట్లం ఇచ్చినాయన దగ్గరికెళ్లి స్ట్రిప్పులు చూసి పేర్లు రాయించుకు రమ్మన్నా. డైక్లోఫెనాక్, ప్రెడ్నిసొలోన్, ఓ గ్యాస్ గోలీ.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పుల గోలీలు ఒంట్లో ఉప్పు, నీరు నిలబెడతాయి. టెల్మిసార్టాన్ ఒకవైపు లాగుతుంటే ఇవి ఇంకోవైపు లాగుతాయి. పైగా టెల్మిసార్టాన్, నీళ్ల గోలీ, నొప్పుల గోలీ మూడూ కలిస్తే కిడ్నీల మీద భారం. మార్చి, ఏప్రిల్ ఎండల్లో చెమటలు కక్కుతూ మిర్చి ఏరే మనిషికి అది మరీ ప్రమాదం. ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్, షుగర్ పెంచుతుంది. పొద్దున వేసుకుంటే పెరుగుదల మధ్యాహ్నం నుంచి కనబడుతుంది. అందుకే పరగడుపు షుగర్ బాగానే ఉండి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) ఎక్కువొస్తే పొట్లం గుర్తు చేసుకోండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు నా కౌంటర్ మీద బీపీలు పెరిగేది ఊరికే కాదు, నొప్పుల పొట్లాలు ఎక్కువయ్యేదీ అప్పుడే.

పరిష్కారం ప్రశ్నలోనే ఉంది. "వేరే మందులు" అని అడగొద్దు. "నొప్పులకేం వేసుకుంటున్నరు? సూది వేయించుకున్నరా? పొట్లం ఉందా?" అని అడగండి. పేర్లు తెలిశాక బిల్లు వెనక రాసి డాక్టరు దగ్గరికి పంపండి. స్టెరాయిడ్ కొన్ని వారాలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపమని మీరు చెప్పకండి, అది మెల్లగా తగ్గించాల్సిన మందు. నొప్పికి పారాసిటమాల్, పైపూత జెల్ సరిపోతాయేమో డాక్టరునే అడగమనండి.

ఇక్కడే నేను రెండోసారి దెబ్బతిన్నా. డాక్టరు చెప్పినట్టు పొట్లం ఆగింది, బీపీ గోలీ పెంచిన డోసు మాత్రం అలాగే ఉండిపోయి ఎక్కువైంది. రెండు వారాలకు పెద్దాయన మంచం మీంచి లేస్తూ కళ్లు తిరిగి కూలబడ్డాడు. పొట్లం ఆగిన వారంలోనే బీపీ చూపించుకోమని అప్పుడే చెప్పాల్సింది.

మిగతావి

నకిలీ మందులా? అందరి అనుమానం అదే, నాకు మాత్రం దాదాపు ఎప్పుడూ తగల్లేదు. ఇన్సులిన్ పనిచేయట్లేదంటే మే ఎండలో సంచిలో పెట్టుకుని బస్సులో తిరిగారేమో అడగండి. చెయ్యి లావుగా ఉండి బీపీ మిషను పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది, పెద్ద పట్టీతో మళ్లీ చూడండి. కిడ్నీ నాళాల వల్లో, గ్రంథుల వల్లో బీపీ పెరిగిందా అన్న సంగతి డాక్టరు చూసుకుంటాడు. మీరు పంపే కాగితం మీద పొట్లం గోలీల పేర్లు, చివరి మూడు బిల్లుల తేదీలు ఉంటే చాలు.