బైక్ సైడ్ ప్యానెల్ మొండికేస్తే ఇలా తీయండి

బ్యాటరీ చూద్దామనో ఎయిర్ ఫిల్టర్ తీద్దామనో స్క్రూలన్నీ విప్పాక కూడా సైడ్ ప్యానెల్ కదలడం లేదంటే, బలం చూపించకండి. సీటు తీసి చూడండి, దుమ్ము కప్పేసిన స్క్రూ ఇంకోటి అక్కడ ఉండొచ్చు. అది కూడా లేదంటే ప్యానెల్ వెనక పిన్ను రబ్బరు గ్రోమెట్‌లో, అంటే అది దూరే రబ్బరు రింగులో, పట్టేసిందని అర్థం. మన తిరుపతి ఎండలో ఏళ్ల తరబడి బయటే నిలబెట్టిన బండికి ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, ఇక పిన్నును సులువుగా వదలదు.

గ్రోమెట్ మీద నాలుగు చుక్కలు సబ్బు నీళ్లు వేసి కాసేపు ఆగండి. తర్వాత పిన్నుకు వీలైనంత దగ్గరగా వేళ్లు దూర్చి నేరుగా బయటికి లాగండి, మూల పట్టుకుని వంచితే మాత్రం పిన్ను మొదట్లో తెల్లటి గీత పడుతుంది, ఆ గీత కనిపించిందంటే ఇంకొంచెం లాగితే విరుగుతుందని అర్థం. పిన్నులు ఊడినా ఒక పక్క వదలకపోతే అక్కడ కొక్కెం ఉన్నట్టు, దాన్ని లాగకూడదు, ముందుకో వెనక్కో జరపాలి.

స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, పెయింట్ పోతుంది. పాత ఏటీఎం కార్డు చాలు. పలమనేరు వైపు డిసెంబర్ చలిలో పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి, చల్లబడిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, బండిని కాసేపు ఎండలో పెట్టి మొదలుపెట్టండి. బిగించేటప్పుడు కూడా సబ్బు నీళ్లే, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.