బ్లెండర్‌లో నడక, ఆరవ పాఠం: నేల మీద ఆనిన పాదం జారకూడదు

బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పాత్రను నడిపించే ఈ వరుసలో, ఈ పాఠంలో చేతుల ఊపును నేర్చుకోవలసి ఉంది. అయితే అయిదవ పాఠం అభ్యాసంగా మీరు చేసిన నడకలను చూసిన తరువాత దానిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. భంగిమలు చాలామందికి చక్కగా కుదిరాయి. కాంటాక్ట్ (పాదం నేలను తాకేది), డౌన్ (దేహం దిగేది), పాసింగ్ (ఒక కాలు మరొకదానిని దాటేది), అప్ (దేహం లేచేది) అనే నాలుగూ 1, 4, 7, 10 ఫ్రేముల్లోనే ఉన్నాయి, 13లో రెండవ కాలు కాంటాక్ట్‌కు వచ్చింది. అయినా ప్లే చేస్తే పాత్ర నడుస్తున్నట్టు లేదు, నూనె ఒలికిన గచ్చు మీద కాళ్ళు ఆడిస్తున్నట్టు ఉంది. దీనిని సరిచేయాలని కొందరు భంగిమలను పదేపదే మార్చారు, మధ్యలో అదనపు కీలు (ఒక ఫ్రేములో ఎముక స్థితిని నమోదు చేసే గుర్తులు) పెట్టారు. దాంతో జారుడు పోకపోగా మోకాళ్ళు అదరడం కూడా మొదలైంది. తప్పు భంగిమల్లో లేదు, కీల నడుమ ఉంది. కాబట్టి మీ భంగిమలను ఉన్నవి ఉన్నట్టుగా వదిలి, కీల నడుమ కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరవండి.

పోజ్ మోడ్‌లోకి వెళ్ళడం, కీ పెట్టడం, భంగిమను తిప్పి అతికించడం మళ్ళీ చెప్పను. తిప్పి అతికిస్తే ఏమీ మారలేదన్నవారు ఎముకల పేర్ల చివర ఎడమకు ఎల్, కుడికి ఆర్ ఉన్నాయో లేవో చూసుకుంటే చాలు. నేను రిగిఫై రిగ్ (పాత్రను కదిలించే ఎముకల అమరిక) వాడతాను, నడకలో కాళ్ళకు ఐకే (పాదాన్ని జరిపితే కాలు దానితో వస్తుంది), చేతులకు ఎఫ్‌కే (ఒక్కొక్క ఎముకనూ తిప్పాలి) పెట్టుకుంటాను, ఆటో కీయింగ్‌ను (కదిపిన వెంటనే కీ తనంతట పడడాన్ని) ఆపి ఉంచుతాను. తెలియకుండా పడిన కీని తరువాత వెతికి పట్టుకోవడం కన్నా, ప్రతి కీని చేత్తో పెట్టుకోవడమే నాకు సులువు. మీ రిగ్ వేరైనా కింది విషయం మారదు.

ఉన్నచోటనే నడిచే సైకిల్‌లో (మళ్ళీ మళ్ళీ తిరిగే రెండు అడుగుల కదలికలో) దేహం ముందుకు పోదు కనుక, నేల మీద ఆనిన పాదం వెనక్కి పోవాలి. నిజానికి అక్కడ వెనక్కి పోతున్నది నేల, పాదం దానిని అంటిపెట్టుకుని ఉంటుంది. నేల మధ్యలో వేగం పెంచుకోదు, తగ్గించుకోదు. కాబట్టి పాదం కూడా 1వ ఫ్రేము నుండి 13వ ఫ్రేము వరకు ఒకే వేగంతో పోవాలి. మన పాత్ర పాదం కాంటాక్ట్‌లో దేహానికి 35 సెంటీమీటర్లు ముందు పడి, 13లో 35 సెంటీమీటర్లు వెనుక ఉందనుకుందాం. 12 ఫ్రేముల్లో 70 సెంటీమీటర్లు, అంటే ప్రతి మూడు ఫ్రేములకు 17.5. అందువల్ల 4లో పాదం 17.5 ముందు, 7లో సరిగ్గా సున్నా వద్ద, 10లో 17.5 వెనుక ఉండాలి.

మీ ఫైళ్ళలో అలా లేదు, ఎందుకంటే బ్లెండర్ కొత్త కీలకు తనంతట తాను బెజియర్ ఇంటర్‌పొలేషన్ (రెండు కీల నడుమ వంపు గీత) ఇస్తుంది. కర్వ్ కొనకొమ్ముల వద్ద, వంపును నిర్ణయించే హ్యాండిళ్ళు అడ్డంగా పడుకుంటాయి. పాదం నెమ్మదిగా బయలుదేరి, మధ్యలో పరుగెత్తి, చివర మళ్ళీ నెమ్మదిస్తుంది. 1, 13 ఫ్రేముల నడుమ వేరే కీ లేకపోతే, 4వ ఫ్రేముకు 17.5 పోవలసిన పాదం సుమారు 11 సెంటీమీటర్లే పోతుంది, 7వ ఫ్రేము వద్ద దాని వేగం ఉండవలసిన దానికి ఒకటిన్నర రెట్లవుతుంది. కంటికి కనిపించే జారుడు ఇదే.

దిద్దడం చిన్న పని. పాదం కంట్రోలర్‌ను కాస్త ముందుకు వెనక్కి జరిపి, పక్కనున్న ప్యానెల్‌లో ఏ అంకె మారుతున్నదో చూడండి. మీకు కావలసిన చానెల్ అదే. కొన్ని రిగ్‌లలో ముందు వైపు మైనస్‌లో ఉంటుంది, దానికి కంగారుపడవద్దు. ఆ ఒక్క చానెల్‌లో 1, 13 ఫ్రేముల మధ్య ఉన్న కీలను తీసివేసి, 1లోని కీని ఎంచుకుని, కీబోర్డులో టీ అక్షరం నొక్కి లీనియర్ (సరళరేఖ) అనండి. బ్లెండర్‌లో ఇంటర్‌పొలేషన్ ఎడమ కీకి చెందుతుంది, అంటే ఒక కీకి ఇచ్చిన పద్ధతి అక్కడి నుండి తరువాతి కీ వరకు పనిచేస్తుంది. 13లోని కీని కూడా లీనియర్ చేశారంటే, గాలిలో ముందుకు వచ్చే కాలు సైతం గీత గీసినట్టు వస్తుంది, అది మనకు వద్దు. రెండవ పాదానికి ఇదే పనిని 13 నుండి 25 వరకు చేయాలి.

ఇక్కడ ఒక పొరపాటును గట్టిగా ఆపవలసి ఉంది. జారుడు పోవాలంటే లీనియర్ చేయాలని విన్నవెంటనే, కొందరు అన్ని ఎముకలను, అన్ని చానెళ్ళను ఒకేసారి ఎంచుకుని టీ నొక్కుతారు. జారుడు పోతుంది, దాంతోపాటు నడకలోని ప్రాణమూ పోతుంది. నడుము పైకి కిందికి కదిలేది బరువు వల్ల. డౌన్ వద్ద దేహం దిగి, ఆగి, మళ్ళీ లేస్తుంది, ఆ మలుపు గుండ్రంగా ఉండాలి. లీనియర్ చేస్తే అక్కడ మూల ఏర్పడి దేహం టక్కున తిరుగుతుంది. నడుము పక్కకు ఒరగడం కూడా అంతే, ఏ కాలి మీద బరువు ఉందో అటు నెమ్మదిగా చేరి నెమ్మదిగా వదలాలి. పాదం పైకి లేచే చానెల్, మడమ తిరిగే చానెల్, గాలిలోని కాలి ముందుకదలిక, మెడ, వెన్ను, చేతులు, వీటిలో ఏదీ నేలకు అంటుకుని లేదు, కాబట్టి ఏదీ లీనియర్ కాకూడదు. ఉన్నచోటి సైకిల్‌లో లీనియర్ అయ్యేది నేల మీద ఆనిన పాదానిది మాత్రమే, అందులోనూ ముందువెనుకల చానెల్ మాత్రమే, అందులోనూ ఆనిన కాలం మాత్రమే. ఇప్పటికే అన్నీ లీనియర్ చేసి ఉంటే, అన్నింటినీ తిరిగి బెజియర్‌కు మార్చి, ఆ ఒక్క ముక్కను మళ్ళీ లీనియర్ చేయండి. అది దిద్దుబాట్లు వెతుక్కోవడం కన్నా త్వరగా అవుతుంది.

దగ్గరి షాట్‌లో పాదాలు కనిపించేటట్లయితే ఇంకొంచెం శ్రద్ధ కావాలి. 13లో మడమ లేచినా కాలివేళ్ళు ఒకటి రెండు ఫ్రేములు నేలను వదలవు. అటువంటప్పుడు అదే గీతను 15 వరకు పొడిగించండి, పాదం సుమారు 46.7 సెంటీమీటర్ల వెనుకకు చేరుతుంది. మడమ లేవడానికి ఫుట్ రోల్ (వేళ్ళ మీద పాదాన్ని తిప్పే కంట్రోల్) వాడండి, కంట్రోలర్‌ను ఎత్తవద్దు.

ఇక పాత్రను ముందుకు నడిపించడం. ఒక అడుగు 70 సెంటీమీటర్లు, సైకిల్‌కు రెండు అడుగులు, కాబట్టి పాత్ర మొత్తాన్ని జరిపే రూట్ ఎముక 1 నుండి 25 వరకు 1.4 మీటర్లు పోవాలి. సెకనుకు 24 ఫ్రేములు కనుక ఇది సెకనుకు 1.4 మీటర్లు, గంటకు 5 కిలోమీటర్ల మామూలు మనిషి నడక. రూట్ కీలు కూడా బెజియర్‌గానే పుడతాయి, వాటినీ లీనియర్ చేయకపోతే పోయిన జారుడు తిరిగి వస్తుంది. ఆపై షిఫ్ట్‌తో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం నొక్కి, రూట్‌కు లీనియర్ ఎక్స్‌ట్రాపొలేషన్ (చివరి కీ తరువాత కూడా గీత అలాగే సాగడం), మిగతా వాటికి మేక్ సైక్లిక్ (కదలిక మళ్ళీ మళ్ళీ తిరగడం) ఇవ్వండి. 25వ ఫ్రేము 1వ ఫ్రేముకు నకలు, కాబట్టి సైకిల్‌ను ఒక్కటిగా ప్లే చేసేటప్పుడు చివరి ఫ్రేమును 24 వద్ద ఉంచాలి.

సరిపోయిందో లేదో చూడడానికి, పాత్ర −వై అక్షం వైపు చూస్తూ ఉంటే నంబర్ ప్యాడ్‌లోని 3 నొక్కి పక్క నుండి చూడండి. ఆనిన పాదం బొటనవేలి ముందు ఒక సన్నని క్యూబ్ నిలబెట్టి, ఒక్కొక్క ఫ్రేమే జరపండి. వేలు క్యూబ్‌లోకి దిగినా, దాని నుండి దూరం జరిగినా, పాదానిది, రూట్‌ది, ఈ రెండు గీతల్లో ఒకటి తప్పు.

మోకాలు అదరడం వేరే సంగతి. కాలు పూర్తిగా చాపి ఉన్నప్పుడు, పాదానికీ తుంటికీ మధ్య దూరం కొద్దిగా తగ్గినా మోకాలు ఒక్కసారిగా వంగుతుంది. కాంటాక్ట్‌లో నడుమును కాస్త దించి, మోకాలిలో ఎప్పుడూ కొద్దిపాటి వంపు మిగిల్చితే సమస్య తీరుతుంది.

ఈ లెక్క ఒక్క నడకకే పరిమితం కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాను వీపు మీద ఎత్తుకున్న హమాలీని చూడండి. అతని అడుగు పొట్టిది, నడుము దిగి ఉంటుంది, దేహం ముందుకు వంగి ఉంటుంది, రెండు పాదాలూ నేల మీద ఉండే సమయం ఎక్కువ, మోకాలు ఎప్పుడూ నిటారు కాదు. అడుగుకు 45 సెంటీమీటర్లు, 10 ఫ్రేములు అనుకుంటే, సైకిల్ 20 ఫ్రేములకు రూట్ 90 సెంటీమీటర్లు పోవాలి. బరువు కనిపించేది బస్తా వల్ల కాదు, డౌన్ భంగిమ ఎంత లోతుకు దిగింది, అప్ ఎంత తక్కువ లేచింది అనే దాని వల్ల. మన విద్యార్థులు చాలామంది బస్తాను పెద్దగా చేసి, నడుమును మామూలుగానే ఉంచుతారు.

బతుకమ్మ ఆట దీనికి భిన్నమైనది. ఆడేవారు వలయంగా తిరుగుతూ, అడుగు వేసి, వంగి, చప్పట్లు కొట్టి, లేచి, మళ్ళీ అడుగు వేస్తారు. దేహం ఒకే వేగంతో సాగదు, అడుగు వద్ద జరిగి చప్పట్ల వద్ద దాదాపు ఆగుతుంది. కాబట్టి లీనియర్ సూత్రం ఇక్కడ వర్తించదు. ఉన్నచోట సైకిల్ కాకుండా, పాదం పడిన చోట ఒక కీ, లేచే ముందు అదే విలువతో మరొక కీ పెట్టి, వాటి నడుమ కర్వ్ చదునుగా ఉండేటట్టు చూసుకోవాలి. హ్యాండిళ్ళు ఆటో క్లాంప్డ్ అయితే చదునుగా ఉంటాయి, ఆటో మాత్రమే అయితే కర్వ్ విలువను దాటి ఊగుతుంది, పాదం నేలలోకి దిగుతుంది.

ఫోన్‌లో తీసిన వీడియోను నమూనాగా పెట్టుకునేవారు ఫ్రేముల లెక్కను మరువకండి. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, మన సీను 24. వీడియోలో లెక్కించిన ఫ్రేములను 0.8తో గుణించండి. అక్కడ 15 ఫ్రేముల అడుగు ఇక్కడ 12 అవుతుంది.

అభ్యాసం: ముందుగా మీ పాత నడకను దిద్ది, క్యూబ్ పరీక్ష నెగ్గించండి. తరువాత బరువు మోసేవారిని ఎవరినైనా, వారి అనుమతి అడిగి, పక్క నుండి, పాదాలు కనిపించేలా వీడియో తీయండి. అడుగు పొడవును నేల మీది బండల ఆధారంగా కొలిచి, ఫ్రేములు లెక్కించి, రూట్ దూరాన్ని కాగితం మీద తేల్చిన తరువాతే బ్లెండర్ తెరవండి. చేతులను, తలను దాచివేసి, నడుమూ కాళ్ళూ మాత్రమే కనిపిస్తూ ఉండగా చూసినవారికి బరువు తెలియాలి. తెలియకపోతే చేతులు కలపకుండా డౌన్ భంగిమను ఇంకా దించండి. ఆ ఫైలుతోనే ఏడవ పాఠంలో చేతులు మొదలుపెడతాము, కనుక దానిని వేరే పేరుతో భద్రపరచుకోండి.