ట్యాంకుకు వైర్‌లెస్ సెన్సర్ పెట్టి మోటారుకు కలపడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు పెరిగాక వాచ్‌మన్‌కు పెద్ద పని మోటారే. సంపులో నీళ్లున్నాయా, పైన ట్యాంకు నిండిందా అని పొద్దస్తమానం మెట్లెక్కి దిగాలి. ఆదమరిస్తే నీళ్లు డాబా మీంచి వీధిలోకి పారతాయి, లేదంటే సంపు ఎండి మోటారు కాలిపోతుంది. వైర్‌లెస్ సెన్సర్లయితే కట్టేసిన బిల్డింగులో గోడలు తొలిచి వైరు లాగే పని ఉండదు. ఒక్క షరతు మాత్రం పెట్టుకోండి. సెన్సర్ పాడైనా, నెట్ ఆగినా జనానికి నీళ్లు ఆగకూడదు. అలా బిగించలేని పక్షంలో ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

ముందు కాగితం మీద రాయండి

సామాను కొనకముందే ఏ రీడింగ్ వస్తే ఏం జరగాలో రాసుకోండి. ట్యాంకు 30 శాతానికి దిగితే మోటారు ఆన్, 90 దాటితే ఆఫ్. సంపు 20 శాతం కిందికి వస్తే ఆఫ్. సంపు మళ్లీ 35కి చేరేదాకా ఆన్ కాకూడదు, లేకపోతే 20 దగ్గర మోటారు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. పది నిమిషాలు రీడింగ్ రాకపోతే మోటారు ఆగాలి, సెక్రటరీ ఫోనుకు, వాచ్‌మన్ ఫోనుకు మెసేజ్ వెళ్లాలి. ట్యాంకు మామూలుగా 40 నిమిషాల్లో నిండుతుంటే, గంట దాటి మోటారు తిరగకుండా టైమరు కూడా రాయండి.

బ్యాటరీ సెన్సర్లు చాలావరకు బ్యాటరీ ఆదా కోసం పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒకసారే రీడింగ్ పంపేలా సెట్ చేసి వస్తాయి. నలభై నిమిషాల్లో నిండే ట్యాంకుకు అది పనికిరాదు, తర్వాతి రీడింగ్ వచ్చేలోపే నీళ్లు పొర్లిపోతాయి. రెండు నిమిషాలకు మార్చండి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, తప్పదు.

ఏ రేడియో (వైర్‌లెస్ పద్ధతి) తీసుకోవాలి?

వైఫై సెన్సర్లు బ్యాటరీని తినేస్తాయి. జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతి ఒక ఫ్లాటులో లైట్లకు, తలుపులకు బాగుంటుంది. కానీ దాని సిగ్నల్ కరెంటుతో నడిచే ప్లగ్గులు, బల్బుల మీదుగా ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్తుంది. కరెంటు పోతే ఆ దారి తెగిపోతుంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాన్లు చూసిన మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. అందుకే బిల్డింగు మొత్తానికి లోరా వైపే నా మొగ్గు, అది తక్కువ బ్యాటరీతో దూరం వెళ్లే రేడియో. ప్రతి సెన్సర్ నేరుగా గేట్‌వేతో, అంటే రీడింగులు అందుకునే పెట్టెతో, మాట్లాడుతుంది, గేట్‌వే ఒక్కదానికి యూపీఎస్ పెడితే చాలు. కొనేటప్పుడు 865–867 మెగాహెర్ట్జ్ మోడల్ అడగండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించిన బ్యాండు అది. అమెరికాకు చేసిన 915 మోడల్ చవకగా దొరికినా తీసుకోవద్దు. ఆన్ ఆఫ్ నిర్ణయాలు కూడా గేట్‌వే దగ్గరే జరిగేలా సెట్ చేయించండి, ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు.

సిగ్నల్ చూసుకోవడం

గేట్‌వేని డాబా మీద మెట్ల గదిలో తాత్కాలికంగా పెట్టి, సెన్సర్ పట్టుకుని సెల్లార్ దాకా తిరగండి. స్క్రీన్ మీద సిగ్నల్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 110 కంటే కిందికి పడిపోతుంటే గేట్‌వే చోటు మార్చండి. స్లాబుల్లోని ఇనుము, లిఫ్టు గుంట సిగ్నల్‌ను మింగుతాయి. అన్నిటికన్నా మొండిది సంపు ఇనుప మూత. దాన్ని మూసే చూడండి, కార్లన్నీ నిలిపి ఉన్న రాత్రిపూట చూడండి. అందకపోతే యాంటెనాను కేబుల్‌తో మూత బయటికి తెచ్చి గోడకు బిగించండి.

బిగింపు

ట్యాంకులో అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో దూరం కొలిచే) సెన్సర్ నీటికి నిటారుగా ఉండాలి, నీళ్లు పడే పైపుకు దూరంగా ఉండాలి. సెన్సర్ ముఖానికి మరీ దగ్గరగా, సుమారు 25 సెంటీమీటర్ల లోపు నీళ్లు వస్తే చాలా రకాలు కొలవలేవు. కాబట్టి నిండు మట్టానికి అంతకన్నా ఎత్తులో పెట్టండి. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి. ఐపీ 65 (దుమ్ము, నీటి ధార చొరబడని) పెట్టె తీసుకుని వైర్లు అడుగు నుంచి లోపలికి పంపండి.

మోటారుకు కలిపే పని ఎలక్ట్రీషియన్‌దే, మెయిన్ ఆపాకే. రిలేను, అంటే గేట్‌వే చెప్పినట్టు ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్‌ను, మోటారుకు వెళ్లే పవర్ లైనులో కాదు, స్టార్టర్ కాయిల్ సర్క్యూట్‌లో కలపాలి. పక్కనే ఆటో–మాన్యువల్ స్విచ్ పెట్టించండి. మాన్యువల్‌లో పెడితే పాత ఆకుపచ్చ, ఎర్ర బటన్లు ఎప్పటిలాగే పనిచేయాలి. నీటి మీద తేలే ఫ్లోట్ స్విచ్ ఉంటే తీసేయొద్దు, సెన్సర్ అబద్ధం చెప్పిన రోజు పొర్లకుండా కాపాడేది అదే.

ఆసుపత్రి, కాలేజీ, హోటల్ లాంటి చోట్ల ముందే కంట్రోల్ సిస్టమ్ ఉంటే, మోడ్‌బస్ లేదా బ్యాక్‌నెట్ (అలాంటి సిస్టమ్‌లు మాట్లాడుకునే భాషలు) ఇచ్చే గేట్‌వే తీసుకోండి. ఏ సెన్సర్ ఏ రిజిస్టర్‌లో (రీడింగ్ ఉండే నంబరు గడిలో) ఉందో పట్టిక అడిగి తీసుకోండి. స్కేలు కూడా చూడండి, 245 అని వచ్చేది నిజానికి 24.5 డిగ్రీలు కావచ్చు.

నడిపి చూడడం

మొదటి వారం మోటారుకు కలపకుండా రీడింగులు మాత్రమే చూడండి. పొద్దున, సాయంత్రం ట్యాంకులో కర్ర దించి కొలిచి పోల్చండి. తేడా లేదనిపించాకే రిలే కలపండి. తర్వాత కావాలనే చెడగొట్టి చూడాలి. మోటారు తిరుగుతుండగా సెన్సర్ బ్యాటరీ తీయండి, ఇంకోసారి గేట్‌వే ఆపండి. రెండుసార్లూ మోటారు ఆగాలి. గేట్‌వే ఆపినప్పుడు మెసేజ్ దాన్నుంచి రాదు, దాని మీద కాపలాకు సర్వర్ వైపు అలర్ట్ పెట్టించండి.

గేట్‌వేతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, సెన్సర్ల కీలతో (గేట్‌వేకు కలిపే రహస్య కోడ్‌లతో) పాటు అసోసియేషన్ పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. బ్యాటరీ మార్చే వాచ్‌మన్‌కు ఒక సంగతి చూపించి చెప్పండి. చాలా సెన్సర్లలో ఉండే 3.6 వోల్టుల లిథియం సెల్లు చూడ్డానికి మామూలు పెన్సిల్ సెల్లు సైజులోనే ఉంటుంది. కానీ అది ఛార్జింగ్ పెట్టకూడనిది, దాని స్థానంలో 1.5 వోల్టుల సెల్లు పనిచేయదు. ఒకటి అదనంగా కొని గేట్‌వే పెట్టెలోనే ఉంచండి.